మసి పూయని ఆకులు

అనగనగా ఒక అడవి. కొండ వాలున ఉన్న ఆ అడవిలో ఒక గుహ, ఆ గుహలో ఒక గ్రంథాలయం. మన గ్రంథాలయాల్లో కాగితం పుస్తకాలుంటాయి. అక్కడ తాటాకులు ఉండేవి. మొత్తం నాలుగు వందలు. ఏ పుండుకు ఏ వేరు నూరాలి, ఏ వాగు ఎప్పుడు పొంగుతుంది, కరువు వస్తే ఏ నీళ్ళు తాగాలి, అన్నీ వాటి మీద రాసి ఉండేవి. ఆ అడవికి అంతకు మించిన ఆస్తి లేదు. ఆ సంగతి అడవికి తెలియదు.

గ్రంథాలయాన్ని చూసుకునేది సన్యాసమ్మ అనే ముసలి ముళ్ళపంది. తన ఒంటి నుంచి రాలిన ముల్లుతోనే ఆకుల మీద రాసేది.

పిల్లలూ, తాటాకు మీద రాయడమంటే గీయడమే. ఉత్త గీత కంటికి ఆనదు. దాని మీద మసి రుద్ది తుడవాలి. అప్పుడు గీతల్లో మసి నిలిచి, అక్షరాలు నల్లగా తేలతాయి. అందుకే ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఏటా తొలకరికి ముందు ఒక రోజు జంతువులన్నీ గుహకు వచ్చేవి. కొండ అవతల కాలిన మోడుల నుంచి తలా చిటికెడు మసి తెచ్చేవి. సన్యాసమ్మ మొదటి ఆకు చదివి వినిపించేది. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో ఆకుకు మసి రుద్ది, తేలిన అక్షరాలను పైకి చదివేవారు. దాన్ని మసి రోజు అనేవారు.

పన్నెండేళ్ళ కిందట సన్యాసమ్మ మసి రోజు మానేసింది. "వచ్చేవాళ్ళు తగ్గారు, ఇంక ఎందుకులే" అంది.

అది నిజం కాదు. ఆమెకు చూపు పోయింది. అందరి ముందు ఆకును తడుముకుంటూ చదివితే ఆ సంగతి తెలిసిపోతుంది. తెలిస్తే గుహ నుంచి పంపించేస్తారని ఆమె భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. మసి రోజు లేకపోయేసరికి వచ్చేవాళ్ళు నిజంగానే తగ్గిపోయారు.

పని మాత్రం మానలేదు. పురుగు పట్టిన పాత ఆకును వేళ్ళతో తడిమి చదివేది. అందులో ఉన్నది కొత్త ఆకు మీదకు ఎక్కించి, పాతదాన్ని పారేసేది. అలా పన్నెండేళ్ళలో నాలుగు వందల ఆకులూ కొత్తవయ్యాయి. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఒక్క ఆకుకూ మసి లేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం నూకాలు అనే పిల్ల పందికొక్కు ఆ గుహలోకి దూరింది. చదువుకోవడానికి కాదు, తినడానికి.

కరకరమన్న చప్పుడు విని సన్యాసమ్మ, "ఎవరది?" అంది.

"ఎవరూ లేరు," అంది నూకాలు, నోటి నిండా ఆకుతో.

"ఎవరూ లేకపోతే నమిలేదెవరు?"

"ఆకు చప్పగా ఉంది మామ్మా. కాస్త ఉప్పన్నా వెయ్యాల్సింది."

"తేలు కుడితే ఏం చేయాలో ఉన్న ఆకు అది. సగం నీ కడుపులో పడింది. ఇక తేలు కుట్టినవాళ్ళందరినీ నీ దగ్గరకే పంపుతాను. నీ పొట్ట తట్టి అడుగుతారు."

నూకాలు నమలడం ఆపింది. ముసలామె తన వైపు కాక గోడ వైపు తిరిగి మాట్లాడుతోందని అప్పుడు గమనించింది.

"మామ్మా, నేను ఇటున్నాను."

సన్యాసమ్మ "తెలుసులే," అంది. ఇటు మాత్రం తిరగలేదు.

తిన్న ఆకుకు బదులు కొత్త ఆకు తెమ్మంది సన్యాసమ్మ. మర్నాడు నూకాలు తెచ్చింది. ఆ తర్వాత తేవాల్సినది ఏమీ లేకపోయినా వచ్చింది. మామ్మ వేళ్ళతో తడిమితే, నూకాలు మీసాలతో తడిమేది. అక్షరాలు అలాగే నేర్చింది. చలికాలానికి ముప్పై ఆకులు చదివింది.

"మీ వాళ్ళేమంటున్నారే?" అని ఒకసారి మామ్మ అడిగింది.

"తిండిని ఎదురుగా పెట్టుకుని చదివే పిచ్చిది అంటున్నారు."

"మరి నువ్వేమన్నావు?"

"చదివాక తినాలనిపించదు అన్నాను. మా అమ్మ నా నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని."

ముసలామె చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి నూకాలు ధైర్యం చేసింది. "మామ్మా, ఈ ఏడు మసి రోజు పెట్టు. నీకు కళ్ళు కనబడవని నేను చెబుతాను. ఏమంటారు?"

నవ్వు ఆగిపోయింది. "ఆ మాట ఇంకెప్పుడూ అనకు."

వేసవి చివర అడవిపెద్ద దగ్గర నుంచి కబురు వచ్చింది. అడవిపెద్ద పోలినాయుడు అనే అడవిదున్న. కిందటి వానలకు తడిసి ఆరు దూడలు చనిపోయాయి. ఈసారి దూడలకు చావడి కడుతున్నారు. పైన కప్పడానికి ఎండిన తాటాకులు కావాలి. గుహలో ఉన్నవి రాసిన ఆకులో, ఖాళీ ఆకులో పది రోజుల్లో వచ్చి చూస్తామన్నారు.

"మామ్మా, పది రోజులున్నాయి," అంది నూకాలు. "కాలిన మోడుల దాకా ఒక రోజు దారి. నోటి నిండా మసి తెస్తాను. రెండు ఆకులకైనా సరిపోతుంది."

"పందికొక్కు మసి మోస్తుంటే ఎందుకని అడగరా? నాకేమయిందని అడగరా?"

"అడిగితే అడుగుతారు."

"వద్దన్నాను."

చూడవచ్చే రోజుకు ముందు సాయంత్రం నూకాలు మూడోసారి అడిగింది. "ఆకులు పోతాయి మామ్మా. నువ్వే చెప్పెయ్యి."

"నలభై ఏళ్ళుగా చూసుకుంటున్నాను ఈ గుహను. రాసిన ఆకుల కట్టలని తెలిసీ ఎవరు పట్టుకెళతారు? నువ్వు ఊరుకో."

నూకాలు ఊరుకుంది. పెద్దామె మాట కదా అనుకుంది. తర్వాత బతికినన్నాళ్ళూ ఆ ఊరుకోవడమే ఆమెకు గుర్తుండిపోయింది.

మర్నాడు పొద్దున పోలినాయుడు వచ్చాడు. గుహలో పట్టడు కాబట్టి బయటే నిలబడ్డాడు. అతని వెంట వచ్చిన కొండముచ్చు పేరు తవిటయ్య. లోపలికి వెళ్ళి ఒక కట్ట తెచ్చి ఎండలో విప్పాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఖాళీ, నాయుడూ."

"ఇంకోటి చూడు."

రెండో కట్ట విప్పాడు. మూడోది విప్పాడు. "అన్నీ ఇంతే. ఏవో సన్న గీతలున్నాయి. ఎలుక గోళ్ళ గీతలు." అప్పుడే అతని కన్ను నూకాలు మీద పడింది. "ఇదిగో, గీసినావిడ ఇక్కడే ఉంది."

"అవి అక్షరాలు," అంది సన్యాసమ్మ. "నేనే రాశాను. మసి పెట్టలేదు, అంతే. నాకు కళ్ళు కనబడవు. పన్నెండేళ్ళయింది."

అందరూ ఆమె కళ్ళలోకి చూశారు. పోలినాయుడు తల వంచుకున్నాడు. "ఈ మాట ముందే చెబితే పదిమందిమీ మసి తెచ్చేవాళ్ళం. ఆకులు అడుగుతున్నప్పుడు చెబితే సాకులా ఉంది, సన్యాసమ్మా."

నూకాలు ఒక ఆకు లాక్కుని మీసాలతో తడుముతూ గడగడా చదివింది. పాము కాటుకు మందు, చలి జ్వరానికి కషాయం, అన్నీ చదివింది.

"బట్టీ పట్టినా ఇంత బాగానే చెబుతుంది," అన్నాడు తవిటయ్య.

"నువ్వే ఒక ఆకు తియ్యి బాబాయ్. అది చదువుతాను."

"చదువుతావు. అందులో అదే ఉందని ఎవరు చెప్పాలి? నాకు అక్షరం కనబడదు. ఆమెకు ఆకే కనబడదు. పందికొక్కు చెబితే పందికొక్కే సాక్ష్యమా?"

"రెండు రోజులు ఆగండి. మసి తెస్తాను."

తవిటయ్య పడమటి వైపు చూశాడు. అక్కడ మబ్బు నల్లబడుతోంది. "దూడలు ఆగవమ్మా," అన్నాడు. అతను దుర్మార్గుడు కాదు. ఆ మాట మెత్తగానే అన్నాడు.

మధ్యాహ్నానికి గుహ ఖాళీ అయింది. సాయంత్రానికి చావడి మీద నాలుగు వందల ఆకులు పరిచారు. మర్నాడు వాన మొదలైంది. ఆ ఏడు ఒక్క దూడా తడిసి చావలేదు. అది కూడా చెప్పుకోవాలి. శ్రావణం దాటేసరికి ఆకులు నాని, చివికి, ముద్దయిపోయాయి.

సన్యాసమ్మ తిండి తగ్గించింది. ఒక రోజు నూకాలు కొత్త ఆకులు, కాలిన మోడు నుంచి మసి తెచ్చి ఆమె ముందు పెట్టింది. "నువ్వు చెప్పు మామ్మా. నేను రాస్తాను. రాసిన ఆకుకు అప్పుడే మసి పెడతాను."

"ఆకు చేతిలో ఉంటేనే నాకు గుర్తొచ్చేదే పిల్లా."

"గుర్తొచ్చినంత వరకే చెప్పు. ముందు నీళ్ళ సంగతి చెప్పు."

ముసలామె నేల మీద వేళ్ళు కదిలించేది. లేని ఆకును తడుముతున్నట్టు ఉండేది. ఆకులో ఉన్న వరసలోనే ఆమెకు మాటలు వచ్చేవి. మధ్యలో ఆపి అడిగితే అన్నీ చెదిరిపోయేవి. రోజుకు రెండు ముక్కలు, మూడు ముక్కలు. కొన్ని రోజులు ఏమీ లేదు.

మార్గశిరంలో ఒక పొద్దున ఆమె కరువు నీళ్ళ ఆకు మొదలుపెట్టింది. "కొండ వెనక ఊటలు మూడు. మొదటి ఊట మాఘానికి ఎండుతుంది. రెండో ఊట ఫాల్గుణానికి ఎండుతుంది. మూడో ఊట ఎండదు. ఎండలు ముదిరాక ఆ నీళ్ళు..."

నూకాలు ముల్లు పట్టుకుని ఎదురు చూసింది. "ఆ నీళ్ళు?" అని అడిగింది. మళ్ళీ అడిగింది. సన్యాసమ్మ వేళ్ళ కదలిక ఆగిపోయింది, ఊపిరీ ఆగిపోయింది.

అప్పటికి ఆకులు పదిహేడు. నాలుగు వందలకు పదిహేడు.

ఆ తర్వాతి వేసవి కరువు వచ్చింది. వాగు ఎండింది. మొదటి ఊట ఎండింది, రెండో ఊట ఎండింది. మూడో ఊటలో నీళ్ళు తేటగా మెరుస్తూ ఉన్నాయి. పోలినాయుడు మందను వెంటబెట్టుకుని గుహ ముందుకు వచ్చాడు.

"కరువు నీళ్ళ ఆకు ఉంటే చదవమ్మా," అన్నాడు.

నూకాలు చదివింది. అక్షరాలు నల్లగా స్పష్టంగా ఉన్నాయి. "ఎండలు ముదిరాక ఆ నీళ్ళు" దగ్గర ఆగింది.

"తాగవచ్చునా, కూడదా?"

"రాయలేదు పెద్దయ్యా. అక్కడితో ఆగింది."

"నీకేమనిపిస్తుంది?"

"నాకు అనిపించింది చెబితే అది ఆకు కాదు."

దూడలు నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి. పోలినాయుడు వాటి వైపు చూసి, "ముందు నేను తాగుతాను. సాయంత్రం దాకా ఎవరూ ముట్టకండి," అన్నాడు.

మూడో ఊట దగ్గరకు వెళ్ళి తాగాడు. మంద దూరంగా నిలబడి చూసింది. ఆగలేక రెండు దూడలు పక్క నుంచి దూరి తాగేశాయి. పొద్దు వాలే వేళకు ఆ దూడలు పడిపోయాయి. పొద్దు గుంకకముందే పోలినాయుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ప్రాణం పోయేదాకా తవిటయ్య అతని తల పట్టుకుని కూర్చున్నాడు. మిగిలిన మంద దాహంతోనే కొండ దిగి, వేరే అడవి వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. దారిలో ఎన్ని మిగిలాయో ఇక్కడ ఎవరికీ తెలియదు.

నూకాలు గుహలోకి వెళ్ళి ఆ ఆకు తీసింది. ఆగిన చోట ముల్లు ఆనించి, వాక్యం పూర్తి చేసింది: "తాగకూడదు."

నీతి: తన లోపాన్ని చెప్పుకుంటే పరువొక్కటే పోతుంది. దాచుకుంటే, తనను నమ్మి అప్పగించినదంతా పోతుంది.