దస్తగిరమ్మ మూడు ఊపిర్లు

అన్యాయం జరిగింది దూదేకుల దస్తగిరమ్మకు. రెండు స్ట్రోకుల బండ్లు ఊరంతా నీలంపొగ కక్కుతూ తిరిగిన కాలంలో జరిగింది. వినేవాళ్లు దగ్గరికి జరగండి. దగ్గేవాళ్లు ముందే దగ్గి రండి.

మీ తాతకు మీసం మొలవని రోజుల్లో సుద్దగుట్ట అని ఒక ఊరుండేది. ఊరి చుట్టూ నాపరాయి గనులు. ఊరి నడుమ బండలు కోసి నున్నగా రుద్దే మిషన్లు. ఆ మిషన్ల నుంచి బూడిదరంగు దుమ్ము లేచేది. అన్నం మీద దుమ్ము, మంచం మీద దుమ్ము, పుట్టిన బిడ్డ కనురెప్పల మీద దుమ్ము. ఆ ఊళ్లో మనుషులు నలభై ఏళ్లకు పోయేవాళ్లు, బండ్లు ఆరు నెలలకు పోయేవి. మనిషి పోతే తలరాత అనేవాళ్లు. బండి పోతే మాత్రం మెకానిక్కును నిలదీసేవాళ్లు.

దస్తగిరమ్మ భర్త ఆ మిషన్ల దగ్గరే పని చేసి, దగ్గి దగ్గి పోయాడు. చివరి ఏడాది ఆమె దూది ఏకి, పల్చటి గుడ్డలో పెట్టి, అతని ముక్కుకు కట్టింది. అప్పటికే ఆలస్యమైంది. ఆయన పోయాక ఆమెకు మిగిలింది దూది ఏకే విల్లొక్కటే. మనిషి పొడవు కర్ర, దానికి బిగించిన నరం. చెక్కగుండుతో కొడితే నరం టంయ్‌మనేది, గడ్డకట్టిన దూది మబ్బులా విచ్చుకునేది. పరుపులకు, దిండ్లకు దూది ఏకి ఆ విల్లుతోనే ఆమె బతికింది.

ఒకరోజు మెకానిక్ కుళ్లాయప్ప తల పట్టుకుని ఆమె గుమ్మంలో కూలబడ్డాడు.

"దస్తగిరక్కా, బండికి కంపెనీ కాగితం ఫిల్టరు పెడితే వారానికే పూడుకపోతాంది. పరుపు స్పాంజి కోసి పెడితే పెట్రోలుకు కరిగి కార్బొరేటర్లోకి పోతాంది. ఏమీ పెట్టకుంటే దుమ్ముకు పిస్టను అరిగిపోతాంది. నేనేం సావాలక్కా?"

"సచ్చేది తర్వాత గానీ, బండి గాలి యాడ పీలుస్తాదో చూపీ."

కుళ్లాయప్ప కార్బొరేటరు నోరు చూపించాడు. రూపాయి బిళ్లంత గుండ్రటి రంధ్రం. దస్తగిరమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఓరి నీ పాసుగాల! ఇది మా ఆయన ముక్కే కదరా" అంది.

టీ వడపోసే జల్లెడ తీగతో కుళ్లాయప్ప ఒక గూడు కట్టాడు. దాని చుట్టూ ఆమె ఏకిన దూది చుట్టి, పల్చటి మల్లుగుడ్డ కప్పి, ఇంజనాయిలు తడి చేసింది. మొదటిసారి దూది మందమైంది. బండి ఊపిరాడక నల్లపొగ కక్కింది. రెండోసారి పల్చనైంది. దుమ్ము లోపలికి దూరింది. మూడోసారి, ఆయిలు పూయకముందే ఆ గూడును తన నోటికి ఆనించుకుని మూడు ఊపిర్లు పీల్చింది. ఒకటి మెల్లగా, ఒకటి గట్టిగా, ఒకటి గుట్ట ఎక్కే మనిషి పీల్చినట్టు.

"ఇప్పుడు పెట్టుపో" అంది.

ఆ బండి ఆరు నెలలు తిరిగింది. ఏడాది తిరిగింది. రెండో ఏడు కూడా తిరుగుతూనే ఉంది. పోస్టుమాను వచ్చాడు, కాంపౌండరు వచ్చాడు, పాలాయన వచ్చాడు. వచ్చిన ప్రతివాడికీ ఆమె ఒకటే మాట. "నేను చెప్తే నమ్మొద్దు. నోటికి పెట్టుకుని మూడు ఊపిర్లు పీల్చు."

ఆ ఊరి మిషన్లన్నీ సుంకిరెడ్డివి. ఆయన కొడుకు జయచంద్ర కొత్త బండి కొని, తండ్రి పోరు పడలేక దస్తగిరమ్మ ఫిల్టరు పెట్టించుకున్నాడు. పెట్టించిన రోజే పీకేసి పనిముట్ల డబ్బాలో పడేశాడు. బెంగళూరు నుంచి బెల్‌మౌత్ తెచ్చాడు, అంటే గాలిని వడపోయకుండా నేరుగా ఇంజన్లోకి లాగే గరాటు. అల్యూమినియంది, ఉమ్మెత్త పువ్వులా అంచులు విచ్చుకుని అద్దంలా మెరుస్తోంది. కార్బొరేటరుకు తగిలిస్తే బండి బొబ్బరించింది.

"కుళ్లాయప్పా, ఎట్లుంది నా పువ్వు?"

"పువ్వు బాగుంది సామీ. గాలి ఎక్కువ పోతాది కాబట్టి పెట్రోలు జెట్టు పెద్దది ఎయ్యాల. లేకుంటే ఇంజను కాలి పట్టేస్తాది."

"మైలేజీ పోదా? జెట్టు వద్దులే."

దస్తగిరమ్మ అప్పుడక్కడే ఉంది. "నాయనా, రేసు మైదానంలో పెట్టుకో, నేనొద్దనను. ఈ ఊళ్లో దాన్ని పెట్టడమంటే పిండిమిల్లులో నోరు తెరుచుకుని పడుకోవడమే."

"పరుపులు కుట్టుకోపో అవ్వా!" అని నవ్వి, కిక్కు కొట్టి పోయాడు.

మూడు నెలలకు గని ఎత్తు మీద ఆ ఇంజను పట్టేసింది. చక్రం ఆగిపోయింది, జయచంద్ర ఎగిరిపడ్డాడు, కాలు విరిగింది. జనం వచ్చేలోగా వాడు చేసిన పని వినండి. విరిగిన కాలుతోనే బండి దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, బెల్‌మౌత్ పీకి చొక్కాలో దాచాడు. డబ్బాలోని దూది ఫిల్టరు తీసి దాని చోట బిగించాడు. తండ్రి రాగానే, "దస్తగిరమ్మ దూది లోపలికి పోయి ఇంజను పట్టేసింది నాయనా" అన్నాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర పంచాయతీ పెట్టారు. దస్తగిరమ్మ ఒకటే అడిగింది. "ఇంజను ఇప్పండి."

"ఆడమనిషివి, నీకు ఇంజను సంగతేంది మే?" అన్నాడు సుంకిరెడ్డి. ఆమె విల్లు తెప్పించి ఫ్యాక్టరీ గేటుకు వేలాడగట్టించాడు. "నా కొడుకు లేచి నడిచి, సరే అనేదాకా ఇది ఈడే ఉంటాది."

కుళ్లాయప్ప నోరు తెరవబోయాడు. అతని కొట్టు ఉన్నది సుంకిరెడ్డి స్థలంలో. తెరిచిన నోరు మూసుకున్నాడు. నేను ఆయన్ను తిట్టను, మీరూ తిట్టకండి. తిట్టాల్సినంత దస్తగిరమ్మ అప్పుడే తిట్టింది.

విల్లు లేదు కాబట్టి దూది లేదు. దూది లేదు కాబట్టి కూడు లేదు. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి, గేటు ముందు తన విల్లు కింద కూర్చునేది. సుంకిరెడ్డి బండి వస్తే లేచి, "ఇంజను ఇప్పండి" అనేది. ఆయన చూడకుండా పోయేవాడు.

మొదట పోస్టుమాను బండి పోయింది. పాత ఫిల్టరు పూడుకుపోయింది, కొత్తది కట్టేవాళ్లు లేరు. ఆమె అంది, "ఇంజను ఇప్పండి." ఎవరూ పలకలేదు. తర్వాత కాంపౌండరు బండి పోయింది. ఆమె అంది, "ఇంజను ఇప్పండి." ఎవరూ పలకలేదు. మూడోది సుంకిరెడ్డి సొంత బండి. సరిగ్గా గేటు ముందరే ఆగింది.

"ఏమ్మే, నా బండికి దూది కట్టు" అన్నాడు.

"నా విల్లు నీ గేటుకు ఉరేసుకుని ఉంది. ముందు నీ కొడుకు ఇంజను ఇప్పీ. అందరి ముందర."

ఈసారి కుళ్లాయప్ప ఎవరి అనుమతీ అడగలేదు, జయచంద్ర బండిని గేటు ముందుకు తోసుకొచ్చి స్పానరు తీశాడు. మిషన్లు ఆపకుండానే పనివాళ్లంతా చుట్టూ మూగారు. ఇంజను లోపల నాపరాయి దుమ్ము ఆయిలుతో కలిసి బురదలా పట్టుంది. పిస్టను పక్కలు గీరుకుపోయి ఉన్నాయి.

"చూడు, నీ దూది ఆపలేదు కదా!" అన్నాడు సుంకిరెడ్డి.

దస్తగిరమ్మ ఆ బండి ఫిల్టరు విప్పి పైకెత్తింది. "రెడ్డీ, నీ చొక్కా చూసుకో. పొద్దున ఏసుకునింటావు, అప్పుడే బూడిదరంగు తిరిగింది. మూడు నెలలు ఈ ఊరి గాలి పీల్చిన దూది ఇంత తెల్లగుంటాదా? ఇది ఒక్క ఊపిరి కూడా పీల్చలేదు."

సుంకిరెడ్డి తల తిప్పుకున్నాడు. ఒప్పుకోలేదు.

"అయితే రా" అని ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఆడమనిషి ఆయన చెయ్యి పట్టుకోవడం ఊరు ఎప్పుడూ చూడలేదు. తీసుకుపోయి రుద్దే మిషను పక్కన నిలబెట్టింది. ఇరవై ఏళ్లుగా ఆ మిషన్లు ఆయనవే. వాటికి పది అడుగుల దగ్గరికి ఆయన ఎప్పుడూ రాలేదు.

"నోరు బాగా తెరిచి మూడు ఊపిర్లు పీల్చు. నీ కొడుకు పువ్వు పెట్టిన బండి ఇట్లనే పీల్చింది."

ఆయన ఒకటి పీల్చాడు. రెండు పీల్చాడు. మూడోది పీల్చలేకపోయాడు. నడుం వంగిపోయి, కళ్ల వెంట నీళ్లు కారేలా దగ్గాడు. ఆ దగ్గు దస్తగిరమ్మకు తెలిసిన దగ్గే. ఆమె ఇంట్లో అది మూడేళ్లు వినబడింది.

ఆమె తన కొంగు ముడిలోంచి దూది పెట్టిన పొడిగుడ్డ తీసి ఆయన ముక్కుకు అడ్డం పెట్టింది. "ఇప్పుడు పీల్చు."

ఆయన మూడూ పీల్చాడు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ, చంకలో కర్రతో కుంటుతూ జయచంద్ర వచ్చాడు. బెల్‌మౌత్‌ను దస్తగిరమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు. "నేనే నాయనా. అవ్వ తప్పు లేదు" అన్నాడు.

సుంకిరెడ్డి స్వయంగా స్టూలెక్కి విల్లు విప్పాడు. "ఏం కావాలో అడుగు."

"బండికి ఒకటి కడితే మనిషికి ఒకటి కట్టాల. ముక్కుగుడ్డ లేనోణ్ని నీ మిషన్ల దగ్గర నిలబెట్టొద్దు. బండి పోతే ఇంకోటి కొంటావు గదా రెడ్డీ."

ఆయన సరేనన్నాడు. మంచివాడైపోయాడని చెప్పను. కానీ ఆ మూడో ఊపిరి ఆయనకు చచ్చేదాకా గుర్తుంది, అది చాలు. బెల్‌మౌత్‌ను కూడా ఆమె పారేయనివ్వలేదు. కుళ్లాయప్ప పెద్ద జెట్టు వేసి, పువ్వు లోపలా దూది గూడు బయటా బిగించాడు. గని ఎత్తు మీద జయచంద్ర బండిని దాటిన బండి మళ్లీ రాలేదు.

దస్తగిరమ్మ పోయి ఎన్నేళ్లయిందో నాకు తెలియదు. ఆ వైపు మెకానిక్కులు మాత్రం ఇప్పటికీ కొత్త ఫిల్టరు బిగించే ముందు బండి మనిషి చేతికిస్తారు. ఆ మనిషి నోటికి ఆనించుకుని మూడు ఊపిర్లు పీలుస్తాడు. "అవ్వ ఒప్పుకుందా?" అని మెకానిక్ అడుగుతాడు. "ఒప్పుకుంది" అంటేనే స్పానరు ముట్టుకుంటాడు. ఫిల్టరు కొన్నవాడు ఒక ముక్కుగుడ్డ కూడా కొని, దారిలో కనిపించిన మొదటి రాతిపని మనిషికి ఇచ్చి పోతాడు. ఇవ్వకుండా పోయేవాణ్ని వెనక్కి పిలిచి మరీ తిడతారు.

ఆ ఫ్యాక్టరీ గోడలో పనివాళ్లు చెక్కిన నాపరాయి ఒకటుంది. సుంకిరెడ్డి పేరు లేదు దాని మీద. రెండే వరుసలున్నాయి:

దస్తగిరమ్మ దూది కట్టుకున్నోళ్లు నలభై ముగ్గురం.
1986 మార్చి 9, ఆదివారం.