కత్తెర పిడి

1983 ఆగస్టు 17, బుధవారం. పొద్దుటినుంచీ తుంపర. పదకొండింటికి ఎండ వచ్చినట్టే వచ్చి, మళ్లీ ముసురు పట్టింది. బొబ్బిలి ముసురంటే తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్పినా లాభం లేదు. ఆ ముసురులో డాక్టర్ పరశురామయ్యగారి పక్కన నడుస్తూ, ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న హైమవతి అడిగింది.

"దర్జీ గవరయ్య ఏమడిగినా అవునంటున్నాడు సార్. మాటతోపాటు తెలివీ పోయినట్టేనా?"

ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం పరశురామయ్యగారికి అలవాటు లేదు. గవరయ్య ఇంటివైపు తిరిగారు.

గవరయ్యకు మెదడులో ఎడమపక్క నాళానికి నెత్తురుగడ్డ అడ్డుపడి, కుడిచెయ్యీ మాటా ఒక్కసారే పడిపోయాయి. మిగిలింది ఒక్క "అవును". ఆ ఒక్కమాటతోనే ఇల్లు రెండుగా చీలింది.

"అయ్యా, మిషను నాకే గదా?" అన్నాడు కొడుకు సింహాద్రి.

"అవును."

"నాకిస్తానని నువ్వే గదేటి అన్నావు!" అంది కూతురు గున్నమ్మ.

"అవును."

"సూసినారా బాబూ, నాకే!" అన్నారిద్దరూ ఒకేసారి.

"ఇక ఎవరూ ఏమీ అడగొద్దు," అన్నారు డాక్టరుగారు. మిషనునూ పెద్ద కత్తెరనూ గవరయ్య ఎడమచేతికి అందేలా పెట్టించి, తానూ ఒక పీట మీద కూర్చున్నారు.

రేకుల మీద వాన. కాఫీలు చల్లారిపోయాయి. సింహాద్రి నోరు తెరవబోతే డాక్టరుగారు వేలెత్తారు. గవరయ్య మిషను చక్రం నిమిరాడు. చాలాసేపు నిమిరాడు. తరవాత గున్నమ్మ చెయ్యి లాగి దాని మీద పెట్టాడు. కత్తెర తీసుకున్నాడు. ఒంటిచేత్తో ఒళ్లో పెట్టి తిప్పి, మొన తనవైపు ఉండేలా పట్టుకుని, పిడి కొడుకువైపు చాచాడు.

డాక్టరుగారు హైమవతివైపు చూశారు. ఆమె తలదించుకుంది.

"మిషను లేకుండా కత్తెరతో నేనేటి సేసుకోను?" అని గొణిగాడు సింహాద్రి.

"కత్తిరించి నాకియ్యి, కుడతాను. గొణిగితే గుడ్డ తెగదు," అంది గున్నమ్మ. తండ్రి నవ్వాడు. సగం మొహమే కదిలినా అది నవ్వే.

మిషను గున్నమ్మకు దక్కింది, కత్తెర సింహాద్రికి. పెళ్లయిన నాటినుంచీ గవరయ్య దర్జీకొట్టులో కాజాలు కుట్టిన భార్య పైడమ్మకు ఏమీ దక్కలేదు. గవరయ్య లేవబోతూ, చూడకుండానే చెయ్యి చాచాడు. ఆమె భుజం అక్కడే ఉంది.

"ఆవిడకేమీ ఇవ్వలేదేం సార్?" అంది హైమవతి, గుమ్మం దాటాక.

గురువుగారు గొడుగు విప్పారు. "ఇవ్వాలంటే ఎదుట తను కాని ఇంకో మనిషి ఉండాలి కదమ్మా."