ఊరిపెద్ద చేతిలో పార

పిల్లలూ, పిలవకుండానే ఊరంతా పనికి రావాలంటే ఏం చెయ్యాలి? తెలీదా? అయితే వినండి.

ఒక ఊళ్లో కుండలు చేసే గవరమ్మ కేకేస్తే చాలు, జనం పారలు పట్టుకుని వచ్చేవారు. అది చూసి ఊరిపెద్ద వీర్రాజుకి కడుపు మండిపోయింది. "నా దండోరాకి కదలనివాళ్లు దాని కేకకి కదులుతారా! ఇకమీదట అది ఎవర్నీ పిలవకూడదు" అని కట్టడి చేశాడు. దాంతో కాలువలో పూడిక తీసే పని సగంలో ఆగిపోయింది. నీళ్లందక ఊరి నారుమళ్లన్నీ ఎండిపోతున్నాయి.

గవరమ్మ నేరుగా ఆయన దగ్గరికే వెళ్లింది.

"బాబుగారూ, జనాన్ని రప్పించే ఆ విద్యేదో మీకే నేర్పేస్తాను. కాకపోతే నోటితో చెబితే రాదు, చేస్తేనే వస్తుంది."

వీర్రాజు మొహం వెలిగింది. "ఏం చెయ్యాలే?"

"పార పట్టుకుని కాలువలోకి దిగండి. ఎవర్నీ పిలవొద్దు."

వీర్రాజు అలాగే దిగి తవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఊళ్లో పెద్దవాళ్లు మట్టి తవ్వుతుంటే చిన్నవాళ్లు చూస్తూ నిలబడటం తప్పు. "అయ్యో, ఇలా ఇవ్వండి బాబూ!" అంటూ జనం ఒకరి వెనక ఒకరు దిగారు. పొద్దుగూకేసరికి కాలువ పారింది.

వీర్రాజు మురిసిపోయాడు. అంతలోనే ఆమెకేసి చురచురా చూశాడు. "రేపు కూడా నా వెంటే వస్తారా?"

"రేపు కూడా మీరే ముందు దిగితే వస్తారు బాబూ."

సరే, పెరట్లో చింతపండుకి ఇంకా సగం గింజలు తియ్యాలి. నేను వెళ్తున్నా. మిమ్మల్ని మాత్రం పిలవడం లేదు.