మార్తాండరావు బిగించిన టాపు

చింతలకోట రాజావారికి మీసాలంటే ప్రాణం. ఆ మీసాల నలుపు సీసాలోంచి వస్తుందని కోటలో అందరికీ తెలుసు. పైకి అనే మొనగాడు మాత్రం లేడు.

ఒకనాడు రాజావారు తమ రెండు సీట్ల ఇంగ్లీషు కారులో, నెత్తిన ఏ కప్పూ లేకుండా, కలెక్టరుగారి విందుకు బయలుదేరారు. దారిలో వాన దంచి కొట్టింది. విందులో అడుగు పెట్టేసరికి మీసాల రంగు గడ్డం మీదుగా పట్టు షేర్వాణీ దాకా కారింది. కలెక్టరుగారి భార్య నవ్వాపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకుంది.

తిరిగొచ్చిన రాజావారు కొలువులో గర్జించారు.

"కారుకి గట్టి రేకు టాపు పడాలి! లోపలికి చుక్క నీరు రాకూడదు!"

"ఆ పని నాకు వదిలేయండి ప్రభూ" అంటూ వాహనాల సూపరింటెండెంటు మార్తాండరావు ముందుకొచ్చాడు. తెల్ల సూటు, తెల్ల టోపీ, తెల్ల బూట్లు. మోటార్ల గురించి తనకు తెలియనిది లేదంటాడు. అతను బానెట్ ఎత్తగా చూసినవాళ్ళు మాత్రం లేరు. చేతులు మాసిపోవూ మరి!

కారుని కొలవడానికి కూడా వంగలేదు మహానుభావుడు. గేటు కాపలావాడి చేత జానలు వేయించి లెక్క తెలుసుకున్నాడు. మద్రాసు వెళ్ళి, కొట్లో టాపుల మీద తన జానలు వేసి, లెక్క కుదిరినదాన్ని కొనుక్కొచ్చాడు. కాపలావాడి చెయ్యి విస్తరాకంత. మార్తాండరావుది తమలపాకంత.

టాపుని ముందు అద్దానికి ఆనిస్తే వెనక జానెడు సందు. వెనక్కి జరిపితే ముందు సందు.

మార్తాండరావు తొణకలేదు. "టాపు సరైనదే ప్రభూ, కారే సాగింది. డ్రైవరు గవరయ్య గుంతల్లో దూకించి దూకించి బండిని సాగదీశాడు!"

కారు సాగడమేమిటని రాజావారు అడగలేదు. మీసాల బెంగలో ఉన్న మనిషికి అంత ఆలోచన ఎక్కడిది? మార్తాండరావు సందులో కొబ్బరి పీచు కుక్కించి, మైనం మెత్తించి, పైన నల్ల రంగు పూయించాడు. "ఇక జడివానొచ్చినా చుక్క దిగదు ప్రభూ. ఆయుధపూజ కాగానే గవరయ్యని పంపేసి, మా బావమరిదికి తాళాలిప్పించండి" అన్నాడు. రాజావారు తలూపారు.

రాజావారికి తాంబూలం చుట్టి అందించే పేర్రాజు దగ్గరికి గవరయ్య పరిగెత్తుకొచ్చాడు.

"పేర్రాజు బాబూ, ఆ కారుని నా కూతురికన్నా బాగా సూసుకున్నాను. ఇప్పుడు నానే దాన్ని సాగదీసేసేనంట! పిల్లల్నేటి పెట్టి సాకాల బాబూ?"

పేర్రాజుకి ఒళ్ళు మండింది. టాపు కురుస్తుందని తను వెళ్ళి చెబితే మార్తాండరావు ఇంకో అబద్ధం వండుతాడు. ఆ మాట అతని నోటే రావాలి. నోట రాకపోతే సూటు మీదన్నా రావాలి.

"పూజనాడు కారు మీద పోసే నీళ్ళు నువ్వే కలుపు గవరయ్యా" అన్నాడు పేర్రాజు. "పసుపు దగ్గర పిసినారితనం చూపించకు."

చింతలకోటలో ఆయుధపూజకి ప్రతి వాహనానికీ పసుపు నీళ్ళతో స్నానం చేయించడం ఆనవాయితీ. ఆ రోజు రాజావారు రాగానే పేర్రాజు చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, పూజనాడు ఏనుగుకి స్నానం చేయిస్తుంటే మావటి దాని మీదే కూర్చుంటాడు. ఈ కారుకి టాపు తెచ్చిన సూపరింటెండెంటుగారు ఆ వేళ లోపల కూర్చోవద్దూ? ఆ గౌరవం ఇంకెవరికి దక్కాలి?"

మార్తాండరావు పొంగిపోయాడు. సూటు సవరించుకుని లోపల కూర్చున్నాడు. అద్దాలు బిగించారు. గవరయ్య బిందెలెత్తాడు.

మొదటి బిందెకి మైనం ఊడింది. రెండో బిందెకి పీచు జారింది. ఆ తర్వాత టాపు మీద పోసిందంతా మార్తాండరావు మీద పోసినట్టే.

పసుపు నీళ్ళు కారుతున్న అద్దంలోంచి రాజావారు తొంగి చూశారు. "ఏమయ్యా, తడుస్తున్నావా?"

"అబ్బే, చుక్క రాలేదు ప్రభూ!"

"మరి ముక్కు మీంచి కారేదేమిటి?"

"చెమట ప్రభూ! టాపు అంత బిగుతు! గాలి కూడా ఆడటం లేదు!"

"అయ్యో పాపం!" అన్నాడు పేర్రాజు. "ఎంత ఉక్కగా ఉందో! చల్లబడాలి, ఇంకో నాలుగు పొయ్యి గవరయ్యా!"

గవరయ్య మనసారా పోశాడు.

తలుపు తీశారు. మార్తాండరావు దిగాడు. టోపీ పసుపు, సూటు పసుపు, బూట్లు పసుపు. భుజమ్మీద గుప్పెడు కొబ్బరి పీచు. నలుగు పెట్టి పీటల మీంచి లేపిన పెళ్ళికొడుకులా ఉన్నాడు.

పేర్రాజు రాజావారికి తాంబూలం అందిస్తూ మెల్లగా అన్నాడు:

"పసుపు రంగు చెమట నేనెక్కడా చూడలేదు ప్రభూ. వైద్యుణ్ణి పిలవమంటారా, టాపు సంగతి గవరయ్యని అడుగుతారా?"

రాజావారికి సంగతంతా అర్థమైంది. నవ్వు మొదలైంది. కాపలావాడు తన చెయ్యి చాపి, మార్తాండరావు చెయ్యి పక్కన పెట్టి చూపించేసరికి ఆ నవ్వు రెట్టింపయింది.

"తాళాలు గవరయ్యవే! కారునే మద్రాసు తోలుకెళ్ళి, దాని నెత్తికి సరిపోయే టాపు నువ్వే బిగించుకురా. మార్తాండరావ్, రేపటినుంచి ఏనుగులు కడుగు. పేర్రాజూ, నీకేం కావాలి?"

"ఆ చిన్న టాపు ఇప్పించండి ప్రభూ. తిరగేస్తే మా గేదెకి కుడితి తొట్టవుతుంది."

రాజావారు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నీళ్ళు తుడుచుకోబోయి మూతి కూడా తుడుచుకున్నారు. అరచెయ్యి నల్లగా తేలింది. నవ్వులన్నీ టక్కున ఆగిపోయాయి.

రాజావారు అరచెయ్యి వంక చూసుకున్నారు. మార్తాండరావు వంక చూశారు.

"ఏమిట్రా అలా చూస్తారు? చెమట!" అన్నారు.