సుంకన్న బిగించిన రెగ్యులేటర్

సుంకన్న తుపాకి పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట చెప్పేది.

అది గాలి తుపాకి. మందు ఉండదు, మంట ఉండదు. పంపుతో గొట్టంలో నింపిన గాలే సీసపు గుండును తోస్తుంది. గొట్టం నిండుగా ఉన్నప్పుడు గుండు ఒకచోట తగిలేది. గాలి తగ్గేకొద్దీ కిందికి జారేది. కన్ను కదిలేది కాదు, చెయ్యి కదిలేది కాదు. అయినా కాగితం మీద నల్లచుక్క కింద గుళ్లు చీమలబారులా దిగిపోయేవి.

నల్లమల అడుగున, ఒక పాత దర్గా పక్కన రాతి సావిడి ఉంది. అక్కడ దస్తగిరి ఉస్తాద్ గురి నేర్పేవాడు. పడుచుతనంలో నాపరాళ్ల గనిలో బండలు మోసి, రెండు వేళ్లు అక్కడే పోగొట్టుకొని, ఆ తర్వాత ఫకీర్ల వెంట ఊళ్లు తిరిగి వచ్చిన మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. నేర్పేది మాత్రం చాలా కొంచెం. "ఊపిరి చూడు" అనేవాడు. అంతే. కొందరు దాన్ని గురి పాఠం అనుకున్నారు. కొందరు జపం అనుకున్నారు. ఏదో ఆయన చెప్పలేదు.

తెల్లవారుజామున కొండ మీది మంచు కిటికీల్లోంచి దిగి సావిట్లో కూర్చునేది. దర్గాలో వేసిన ఊదు పొగ దానితో కలిసిపోయేది. ఆ తెల్లదనంలో గురి కాగితం ఒకసారి చెయ్యి చాపితే అందేలా, ఒకసారి నది అవతలి గట్టు మీద ఉన్నట్టు కనిపించేది. తుపాకి చప్పుడు కూడా పెద్దగా ఉండదు. నిద్రలో ఎవరో పెదవి విప్పినంత. దూలాల మీద పావురాలు లేచేవి కావు.

సుంకన్న పక్కనే నిలబడి చిన్నప్పటినుంచీ నేర్చుకున్నవాడు మౌలాలి. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. పోయినసారి జిల్లా ఎంపికలో సుంకన్న ఆఖరి గుండు వదలబోతుండగా, పక్క వరుసలోంచి మౌలాలి తుమ్మాడు. గుండు పక్కకి పోయింది. జట్టులో చోటు పోయింది. ఆ రోజునుంచీ సుంకన్న వాడితో మాట్లాడలేదు.

మౌలాలి మాత్రం మానలేదు. పావురాలతో చెప్పేవాడు. "ఏమ్మా పావురమా, మా సుంకన్నకు చెప్పు. వాళ్లమ్మ జొన్నరొట్టెలు పంపింది. నేను రెండు తినేసినా."

సుంకన్న చెవుల్లో దూది పెట్టుకున్నాడు. గాలి గురిని కదిలిస్తోందని కిటికీలన్నీ మూసేశాడు. దర్గాకు వచ్చినవాళ్లు సావిడి వైపు రాకుండా వాకిట్లో తాడు కట్టాడు. ఉస్తాద్ ఆ తాడు దాటుకుంటూ రోజూ వచ్చి కూర్చునేవాడు. ఏమీ అనలేదు. నోరు తెరిస్తే తిట్టే మనిషి ఏమీ అనకపోవడం ఎవరికైనా అనుమానం తెప్పించాలి. సుంకన్నకు తెప్పించలేదు.

వాడి మనసంతా రెగ్యులేటర్ మీద ఉంది.

గ్యాస్ పొయ్యికి ఉంటుందే, అలాంటిదే. గొట్టంలో గాలి ఎంతున్నా, ప్రతి గుండుకూ ఒకే కొలతలో అందిస్తుంది. వాడి తుపాకి కంపెనీ అది ఇవ్వలేదు. వేరేవాళ్లు చేసినది పుణె నుంచి తెప్పించుకున్నాడు. బొటనవేలంత ఇత్తడి ముక్క. లోపల స్టీలు బిళ్లలు, చుట్టూ నల్లటి రబ్బరు రింగులు, పక్కన సూదిమొన పట్టేంత రంధ్రం.

మొదటిసారి అది గొట్టంలో కాస్త వంకరగా దిగింది. అంచుకు తగిలి రబ్బరు రింగు తెగింది. రెండోసారి గొట్టం అంచును గరుకు కాగితంతో నునుపు చేసి, రింగులకు గ్రీజు రాసి, పసిబిడ్డను ఉయ్యాల్లో దించినట్టు దించాడు. తుపాకి గొట్టానికి కూడా పక్కన ఒక చిన్న రంధ్రం ఉంది. కంపెనీవాళ్లు దాన్ని స్క్రూతో మూసి పంపారు. ఆ స్క్రూ తీసి, రెగ్యులేటర్ రంధ్రాన్ని సరిగ్గా గొట్టం రంధ్రానికి ఎదురుగా నిలబెట్టాలని దాంతో వచ్చిన కాగితం మీద ఉంది. సుంకన్న పెన్సిలుతో గీత గీసుకొని, వెంట్రుక వాసి కూడా తేడా లేకుండా ఎదురెదురు నిలబెట్టాడు.

గాలి నింపి, సబ్బు నీళ్లు రాసి చూశాడు. ఆ రంధ్రం దగ్గర ఒక చిన్న బుడగ లేచింది. మెల్లగా ఉబ్బి, మంచు వెలుగులో రంగులు తిరిగి, పగిలింది. మరొకటి లేచింది.

"లీకు" అనుకున్నాడు. స్క్రూ మళ్లీ పెట్టి, గమ్ము పూసి, బిగించేశాడు.

ఆ రోజు వేసిన గుళ్లన్నీ ఒకే రంధ్రంలోంచి పోయాయి. సుంకన్నకు కాళ్లు నేల మీద ఉన్నట్టు లేదు.

తెల్లారి చూస్తే గుళ్లు పైకి పోతున్నాయి. నల్లచుక్క మీద, ఇంకా మీద, నిచ్చెన ఎక్కుతున్నట్టు. గొట్టంలో గాలి వదిలేసి, విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. బాగయింది. మర్నాడు మళ్లీ నిచ్చెన. మళ్లీ విప్పాడు. విప్పిన రోజు మంచిది, మర్నాడు చెడ్డది. అలా వారాలు గడిచాయి. కలలో కూడా తుపాకి వాడి ఒళ్లో పడుకొని ఊపిరి పీల్చేది. పీల్చడమే. వదిలేది కాదు. దాని పొట్ట ఉబ్బి, సావిడంతా నిండి, పావురాలు దాని మీద వాలేవి.

శనివారం ఎంపిక. ఈసారి తప్పితే కుర్రాళ్ల జట్టుకు వయసు దాటిపోతుంది. గురువారం మధ్యాహ్నం సుంకన్న తుపాకి తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టాడు.

"ఉస్తాద్, నా చేతిలో తప్పు లేదు. నా కంట్లో తప్పు లేదు. ఎక్కడా గాలి పోవడం లేదు. ఇంక ఏం మూయాల్నో మీరే చెప్పండి."

ఉస్తాద్ వాడి చెవుల వైపు చూశాడు.

"ముందు ఆ దూది తియ్యి. ఎవరితో మాట్లాడుతున్నావు, గోడతోనా?"

సుంకన్న తీశాడు.

"ఈ రోజు గురువారం. దర్గాలో దీపాలకు నూనె పొయ్యి."

"ఉస్తాద్, ఎల్లుండే ఎంపిక..."

"నూనె పొయ్యమంటిని! చుక్క కింద పడితే ఊరుకోను."

ఉస్తాద్ వాణ్ణి దర్గాలోకి తీసుకుపోయి, సీలు తీయని నూనె డబ్బా తెచ్చాడు. మేకు పెట్టి, రాయితో ఒక్క దెబ్బ వేసి, మూలన రంధ్రం చేశాడు. డబ్బా సుంకన్నకిచ్చాడు. మేకూ రాయీ తీసుకుపోయి, అవతల వత్తులు చేసుకుంటున్న మౌలాలి ఒళ్లో పడేశాడు. తర్వాత గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నాడు. చేతిలో జపం చేసే తస్బీ పూసలు కదులుతున్నాయి.

సుంకన్న డబ్బా వంచాడు. నూనె రాలేదు. ఇంకాస్త వంచాడు. గుబుక్కుమని ఒక ముద్ద దూకి ప్రమిద దాటి రాతి మీద పడింది. ఆగింది. మళ్లీ గుబుక్. వాడి చేతులు మామూలు చేతులు కావు. ఊపిరి బిగబట్టి, గుండె చప్పుడుకీ చప్పుడుకీ మధ్య గుండు వదలగల చేతులు. ఊపిరి బిగబట్టాడు. గుబుక్. ఈసారి చొక్కా మీద పడింది.

ఏ ఇంట్లో పిల్లను అడిగినా చెబుతుంది, గాలి లోపలికి పోవడానికి ఇంకో మూలన కూడా ఒక రంధ్రం కావాలని. సుంకన్నకూ తెలుసు. మేకు కోసం చుట్టూ చూశాడు.

మౌలాలి దాన్ని పెన్సిలులా చెవి మీద పెట్టుకొని వత్తులు నలుపుకుంటున్నాడు.

ఉస్తాద్ కళ్లు తెరవలేదు. దర్గా లోపల చల్లగా ఉంది. ఎండ జాలీ రంధ్రాల్లోంచి చుక్కలుచుక్కలుగా నేల మీద పడి, నెమ్మదిగా గోడ వైపు జరుగుతోంది. సుంకన్న డబ్బా పట్టుకొని అలాగే నిలబడ్డాడు. చుక్కలు వాడి పాదాల మీదికి వచ్చాయి. పాదాలు దాటి పోయాయి.

"చూసినావా పావురమా," అన్నాడు మౌలాలి. "కొందరికి మేకు కావాల. నోరేమో తుప్పు పట్టె."

సుంకన్న మౌలాలి వైపు తిరిగాడు.

"ఒరే. ఆ మేకు ఇట్లియ్యి."

"ఎవరు, నన్నేనా? పావురాన్ని అడిగినావేమో అనుకొంటి."

"నిన్నేరా." చెయ్యి చాపాడు. "మౌలాలీ, ఇయ్యిరా."

మౌలాలి మేకు ఇవ్వలేదు. తానే లేచి వచ్చాడు. డబ్బా రెండో మూలన మేకు పెట్టి, రాయితో కొట్టాడు. "గట్టిగా పట్టుకోరా, నా వేలు పోతాది. ఇప్పటికే ఈడ వేళ్లకు కరువు."

గోడ దగ్గర ఉస్తాద్ మీసం కదిలింది. కళ్లు మాత్రం మూసే ఉన్నాయి.

సుంకన్న డబ్బా వంచాడు. నూనె దారంలా దిగింది. చప్పుడు లేదు, తొణుకు లేదు. అది దిగుతోందో, నిలబడి ఉందో తెలియనంత సన్నగా, బంగారు రంగులో. సుంకన్న దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"చాల్లేరా! పొర్లిపోతాంది!"

సుంకన్న డబ్బాను మౌలాలి చేతుల్లో పెట్టి సావిడికి పరుగెత్తాడు. దారిలో తాడు కాళ్లకు తగిలి తెగింది.

తుపాకి గొట్టంలోని గాలంతా వదిలేశాడు. ఇక లోపల ఏమీ లేదు. అప్పుడు ఆ చిన్న స్క్రూకు పట్టిన గమ్మును పిన్నుతో గీకి, మెల్లగా తిప్పాడు. ఒక చుట్టు. ఇంకో అర చుట్టు.

ఖాళీ అనుకున్న తుపాకిలోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. చాలా రోజులుగా ఎవరో లోపల దాచుకున్నట్టు. మెల్లగా, పొడవుగా వచ్చి, ఆగిపోయింది. రింగుల సందుల్లోంచి జారి, పోయే దారి లేక రాత్రికి రాత్రి రెగ్యులేటర్ కొలతను పెంచుతున్న గాలి అదే.

ఆ రంధ్రాన్ని అలాగే తెరిచి ఉంచి, గాలి నింపి పెట్టాడు. బుడగలు లేస్తాయేమోనని చూడలేదు.

శుక్రవారం తెల్లారి సావిట్లోకి వచ్చేసరికి కిటికీలు తీసి ఉన్నాయి. ఎవరు తీశారో అడగలేదు. మంచు లోపలికి వచ్చి తన చోట్లో తాను కూర్చుంది. మౌలాలి పక్కన నిలబడి, తన మేనమామ పెళ్లిచూపులకు పోతే మేక వెంటపడిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. సుంకన్న తుపాకి భుజానికి ఎత్తుకున్నాడు. మేక గోడ దూకేటప్పుడు ఒక గుండు వదిలాడు. మేనమామ బావి చుట్టూ తిరిగేటప్పుడు ఇంకొకటి. మధ్యలో నవ్వొస్తే, నవ్వేసి, మళ్లీ గురి పట్టాడు.

కథ అయ్యేసరికి గొట్టంలో గాలి తగ్గింది. మౌలాలి పోయి కాగితం తెచ్చాడు. నల్లచుక్క నడుమ ఒకే రంధ్రం ఉంది. మౌలాలి దాన్ని కంటికి పెట్టుకొని, అందులోంచి సుంకన్నను చూశాడు.

సుంకన్న ఆ కాగితం తీసుకొని ఉస్తాద్ దగ్గర కూర్చున్నాడు. దాన్ని మడుస్తూ అడిగాడు.

"లోపలి గాలి పోతాదనే గదా ఉస్తాద్, నేను మూసింది. ఆ రంధ్రం తెరిచి ఉండాల్సిన పనేముంది?"

ఉస్తాద్ గయ్యిమన్నాడు. "ఓరి పిచ్చోడా! బయట ఎంత గాలి ఉండాదో దానికి తెలియాల గదరా!"

తర్వాత గొంతు తగ్గించాడు.

"అది తెలియకపోతే, లోపల ఎంత ఉంచుకోవాల్నో ఎట్ల తెలుస్తాది?"