కణుపులమ్మ తల్లి కాలి బుడిపె

నల్లమల అడవి తూర్పు అంచున, మబ్బుల వాగు దాటిన తరువాత కనిపించే గట్టు మీద శ్రీ కణుపులమ్మ తల్లి కొలువై ఉన్నది. గుడి చాలా చిన్నది. చుట్టూ వెదురు పొదలు, ఎప్పుడూ ఆగని గాలి. అమ్మవారిది నిలుచున్న నల్లరాతి విగ్రహం, చేతుల్లో ఆయుధాలేవీ ఉండవు. కుడి మోకాలి కింద వెదురు కణుపు వంటి బుడిపె ఒకటి ఉంటుంది. భక్తులు తాకి తాకి అది నున్నబడింది. ఎముకలు విరిగి అతికినవారు ఈ తల్లిని దర్శించడం ఇక్కడ తరతరాల ఆచారం.

ఒక మాట ముందే మనవి చేయాలి. అమ్మ దగ్గరకు వస్తే విరిగిన ఎముక అప్పటికప్పుడు అతుకుతుందని కొందరు ప్రచారం చేస్తున్నారు. అది శుద్ధ అబద్ధం. అలా నమ్మి కట్టు ఊడదీసుకుని వచ్చినవారిని మా అర్చకులు నాలుగు చీవాట్లు పెట్టి వెనక్కి పంపుతారు. అతికించే పని వైద్యులది, కాలానిది. ఈ తల్లి ప్రసాదించేది వేరు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గట్టు కింద మేదరుల గూడెం ఉండేది. వారు వెదురు కోసి తట్టలు, చేటలు, కావడి బద్దలు చేసి బతికేవారు. వారిలో తిరుపాలు, కేతమ్మ అనే దంపతులు ఉండేవారు. తిరుపాలు చేసిన కావడి బద్దకు చుట్టుపక్కల మంచి పేరు. ఒకనాడు అతడు వెదురు కోస్తూ కాలు జారి లోయలో పడ్డాడు. కుడి మోకాలి కింద ఎముక విరిగింది. అంతకుముందు కేతమ్మ అన్న అదే లోయలో పడి ప్రాణం విడిచాడు. అందువల్ల భర్తను వీపున వేసుకుని గూడెం చేర్చేసరికి ఆమెకు సగం ప్రాణం పోయింది.

ఓబయ్య అనే ఎముకల వైద్యుడు వచ్చి, కాలు లాగి సరిచేసి, నల్లేరు నూరి పట్టు వేసి, వెదురు దబ్బలతో కట్టు కట్టాడు.

"కదపొద్దు. ఇరిగిన చోట ముందు మెత్తగా అల్లుకుంటాది, ఆ పైన గట్టిపడతాది. అప్పుడు నేనే వచ్చి ఇప్పుతా" అని చెప్పి వెళ్లాడు.

చెప్పినట్లే తిరిగి వచ్చి కట్టు విప్పాడు. విరిగిన చోట బుడిపె కట్టి ఉంది. ఓబయ్య దాన్ని నొక్కి చూసి, "అతికిందమ్మా. ఇంక కొంచెం కొంచెంగా నేల మీద మోపనీ" అన్నాడు.

కేతమ్మ సరేనన్నది. కాని ఓబయ్య గుమ్మం దాటగానే ఆ దబ్బలనే మళ్లీ కట్టింది. చిక్కి పుల్లలా ఉన్న ఆ కాలు మనిషి బరువు మోస్తుందంటే ఆమెకు నమ్మకం కలగలేదు. భర్తను మంచం దిగనివ్వలేదు. నీళ్లు, అన్నం మంచం దగ్గరికే తెచ్చేది. బయటికి వెళ్లాలంటే తానే మోసేది. "నేనుండగా నీకేం తక్కువ మావా?" అనేది. మొదట్లో తిరుపాలుకు కూడా అది హాయిగానే ఉండేది. రానురాను కాలు మరింత సన్నబడింది, మోకాలు బిగిసింది. అతడు వెదురు మాట ఎత్తడం మానేశాడు, ఆ తరువాత నవ్వడం మానేశాడు. గూడెం మాత్రం కేతమ్మను మహా ఇల్లాలని పొగిడింది. ఆ పొగడ్త ఆమెకు నిజం కనిపించకుండా చేసింది.

ఒక మధ్యాహ్నం తట్ట అల్లుతూ కేతమ్మ కునుకు తీసింది. కలలో ఒక ముసలి మేదరి స్త్రీ వచ్చి ఎదురుగా కూర్చున్నది.

"అమ్మీ, కావడి బద్దకు ఏ వెదురు కోస్తారే?"

"గాలి కొట్టే గట్టు మీదిది అవ్వా. దానికి కణుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎంత బరువేసినా ఇరగదు."

"వాగు చాటున, నీడలో పెరిగిందో?"

"అది తట్టలకే. బరువు మొయ్యలేదు."

"ఇంత తెలిసినదానివి, నీ మొగుడి కాలిని చాటున ఎందుకు దాచావే?"

"గట్టు మీదికి నడిపించుకుని రా. నేనాడనే ఉన్నా" అని చెప్పి అవ్వ మాయమైంది.

మెలకువ రాగానే కేతమ్మ దబ్బలు విప్పింది. ఆ పూటే ఇద్దరూ గట్టెక్కారని చెప్పేవారున్నారు. కాళ్లూ చేతులూ ఎన్నడూ విరగనివారు చెప్పే మాట అది. ముందు మంచం పట్టుకుని నిలబడటం, తరువాత గుమ్మం దాకా, ఆ తరువాత వాగు దాకా నడవడం. ప్రతి అడుగుకూ తిరుపాలు కన్నీళ్లు పెట్టుకున్నాడు. అడుగడుగునా కేతమ్మ చేయి అతడి చంకలోనే ఉంది. చివరికి గట్టు చేరారు. అక్కడ ఆమె చేయి తీసేసి పక్కకు జరిగింది.

"కేతీ, చెయ్యి ఇడవొద్దే!"

"ఇడిచినా మావా. ఇంక నువ్వే రావాల."

తిరుపాలు ఒక అడుగు వేసి పడిపోయాడు. లేపడానికి ముందుకు సాగిన తన చేతులను కేతమ్మ వెనక్కి తీసి, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకున్నది. "నా బయంతోనే నీ కాలు పోగొట్టబోయినా మావా" అంటూ బావురుమన్నది. తిరుపాలు పాకి, వెదురు పొద పట్టుకుని లేవబోయాడు. అతడి బరువుకు పొద ఒరిగి మట్టి పెళ్లలు రాలాయి. లోపల అమ్మవారు నిలబడి ఉన్నది. అతడి కాలికి బుడిపె ఉన్నచోటే అమ్మ కాలికీ ఉన్నది. తిరుపాలు లేచి, ఎవరినీ పట్టుకోకుండా నడిచి వెళ్లి ఆమె పాదాల దగ్గర తల ఆనించాడు. మళ్లీ కావడి బద్దలు కోశాడు. అమ్మకు మొదటి వెదురు పందిరి వేసినది కూడా అతడే.

నేటికీ బరువు మోపవచ్చని డాక్టరు చెప్పిన తరువాతనే ఈ గట్టు ఎక్కాలన్నది నియమం. ఇక్కడి మొక్కు ఎముక విరిగినవారిది కాదు, వారిని తోడ్కొని వచ్చినవారిది. గుడి ముందు ఇసుక పోసిన నేల ఉంటుంది. అక్కడికి రాగానే తోడు వచ్చినవారు పట్టు వదిలి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. నడిచేవారు తూలినా, పడినా ముందుకు రాకూడదు. "అమ్మ చూస్తున్నది, లే నాయనా" అని అర్చకులు మాత్రమే అంటారు. అలా గడప చేరినవారి ఎముకకు కణుపు బలం కలుగుతుందని నమ్మకం.

గడప చేరినవారికి కుంకుమ పెడతారు. తొలి తీర్థం మాత్రం వెనుక నిలబడిన వారికే. తల్లులైతే ఆ తీర్థానికి వెంటనే చేయి చాపలేరు. వేళ్లు అంతగా బిగుసుకుని ఉంటాయి. అవి విడివడే దాకా అర్చకులు ఉద్ధరిణె పట్టుకుని ఓపికగా నిలబడతారు.