నిండు గిన్నె

రాజుగారి రామచిలుక చచ్చిపోయింది. పంజరంలో కొర్రల గిన్నె మాత్రం నిండుగానే ఉంది.

"ఎదురుగా ఇంత మేత ఉండగా చచ్చిందంటే, అది పెంచేదాని నిర్లక్ష్యమే ప్రభూ!" అన్నాడు మంత్రి భైరవయ్య. గింజల కొట్టు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. గిన్నె ఖాళీ అయితేనే గింజలివ్వాలని ఆయన కట్టడి. రోజూ గుమ్మంలోంచే తొంగిచూసి, "నిండుగా ఉందిగా!" అని వెళ్లిపోయేవాడు.

చిలుకను సాకిన పైడమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని, ఆ గిన్నె చేత పట్టుకుని సభలో నిలబడింది.

"ఏం చెప్పుకుంటావు?" అని ఉరిమాడు రాజు.

ఆమె గిన్నె పైకెత్తి ఉఫ్‌మని ఊదింది. పొట్టు అంతా లేచి మంత్రి తలపాగా మీద పడింది. గిన్నెలో ఒక్క గింజ మిగల్లేదు.

"చిలుక గింజ తిని, పొట్టు గిన్నెలోనే వదిలేస్తుంది మారాజా. ఎంత మొత్తుకున్నా మంత్రిగారు వినలేదు."

రాజు తల దించుకున్నాడు. "తప్పు మాదే. ఏం కావాలో కోరుకో."

పైడమ్మ కొంగును గుండెకు అదుముకుంది. "ఇంట్లో గుప్పెడు గింజలుంటే నేనే తెచ్చి వేసేదాన్ని. వానల్లేని ఈ ఏడాది కూడా మా ఊరి గాదెలు నిండుగా ఉన్నాయని తమకు చెప్పింది ఈ మంత్రిగారే. మా పిల్లలు ఇంకా బతికుండగానే వచ్చి, ఒక్కసారి ఊదిచూడండి మారాజా."